సె ఫ్వే ల లూస్: కరెంటు పోయిందని స్పానిష్‌లో చెప్పడం

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి నుంచి టెక్సస్ వెళ్లే పిల్లలు టోఫెల్ పుస్తకాలు అరిగిపోయేదాకా చదువుతారు. అక్కడ దిగిన కొద్దిరోజులకే అపార్ట్‌మెంట్‌లో సింకు మూసుకుపోతుంది. బాగుచేయడానికి వచ్చిన మనిషి తలుపు తట్టి "బ్వేనొస్ దీయస్" అంటాడు. టోఫెల్‌లో వచ్చిన మార్కులు ఆ పూటకు అక్కరకు రావు.

2020 జనగణన ప్రకారం టెక్సస్ జనాభాలో హిస్పానిక్‌లు, అంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్లు, 39 శాతం పైచిలుకు. ఇళ్లు కట్టేవాళ్లు, పైకప్పు వేసేవాళ్లు, గోడలకు రంగులేసేవాళ్లు, పెరట్లో గడ్డి కోసేవాళ్లలో వాళ్ల వాటా ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది. మనవాళ్లు గుంపులుగా ఉండే ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కోలలో ఇది రోజూ ఎదురయ్యే సంగతే. పనికి వచ్చినవాళ్లలో చాలామందికి మనకంటే మంచి ఇంగ్లిష్ వచ్చి ఉండవచ్చు. అప్పుడు హాయిగా ఇంగ్లిష్‌లోనే మాట్లాడండి. రానివాళ్లు వచ్చిన రోజు కోసమే ఈ అధ్యాయం.

నిజానికి దీని అవసరం కొడుకు కంటే తల్లికి ఎక్కువ. విజిటర్ వీసా మీద వెళ్లిన తల్లిదండ్రులకు సాధారణంగా ఆరు నెలలు ఉండనిస్తారు. కొడుకు, కోడలు ఆఫీసుకు పోతారు. పగలు పదకొండు గంటలకు మెయింటెనెన్స్ మనిషి వచ్చేసరికి ఇంట్లో ఆమె ఒక్కతే. పాలకుర్తిలోనో కురవిలోనో మేస్త్రీలతో, బోరు మెకానిక్‌లతో బేరమాడి ఇల్లు నిలబెట్టుకున్న నోరున్న మనిషి ఆమె. అక్కడ చేతులతో సైగలు చేస్తూ నిలబడుతుంది. ఆమెకు స్పానిష్ భాష అంతా నేర్పాల్సిన పనిలేదు. పదిహేను వాక్యాలు చాలు. అవి నేర్పాల్సింది ఇంగ్లిష్ మీదుగా కాదు, నేరుగా తెలుగులోంచి. ఇందులో నేను మొండిగా చెప్పే మాట ఇదొక్కటే.

ముందు నాలుక సంగతి

ఇంగ్లిష్ అక్షరాల్లో చూసి స్పానిష్ నేర్చుకున్నవాళ్లు 'టుబో' అంటారు. స్పానిష్‌లో ఆ పైపు 'తూబొ'. అచ్చంగా మన త. అలాగే ద కూడా మనదే. ఇంగ్లిష్‌వాళ్లు నానా తంటాలు పడే పొట్టి ఎ, పొట్టి ఒ మనకు పలక మీద దిద్దిన అక్షరాలే. మాట అచ్చుతో ముగియడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. వర్ణమాలలో ఉండి కూడా మనం విడిగా వాడని ఞ అక్కడ దర్జాగా బతుకుతోంది. అయ్యా అనడానికి 'సెఞోర్', అమ్మా అనడానికి 'సెఞోర'. పాత పుస్తకాల్లో మిగిలిన బండి ఱ కూడా అక్కడ సజీవమే. 'పేరొ' అంటే కానీ, 'పేఱ్ఱొ' అంటే కుక్క. విడిగా వ రాసినచోట పెదవులు దాదాపు ఆనించి బకు దగ్గరగా పలికితే ఇంకా బాగుంటుంది.

ఒక్క జాగ్రత్త. మాటలో ఎక్కడ నొక్కాలన్నది స్పానిష్‌లో ముఖ్యం. అందుకే ఇక్కడ నొక్కాల్సిన చోట దీర్ఘం ఇచ్చాను. 'ఎస్తా' అని చివర నొక్కితే ఉంది అని అర్థం, 'ఏస్త' అని మొదట నొక్కితే ఇది అని అర్థం. దీర్ఘం ఉన్నచోట కాస్త సాగదీయండి, మిగతాచోట తేల్చేయండి.

ఎల్, ల అని వస్తువుల ముందు వచ్చే మాటలు ఆడ, మగ తేడాలు. నల్లా ఆడది, పైపు మగది. దీన్ని పట్టుకుని బుర్ర పాడుచేసుకోకండి. తారుమారుగా అన్నా ఎదుటివాడికి తెలుస్తుంది. మహబూబాబాద్ తండాల నుంచి వెళ్లినవాళ్లకు ఇది అసలు కొత్త కాదు. గోర్‌బోలి, హిందీ మాట్లాడేవాళ్లు వస్తువులకు ఆడ, మగ చూడటం చిన్నప్పటి నుంచి ఎరుగుదురు. ఇంట్లో ఒక భాష, బడిలో ఒకటి, బజారులో ఇంకొకటి మాట్లాడి పెరిగిన పిల్లలకు నాలుగోదో ఐదోదో నేర్చుకోవడానికి భయమెందుకు?

పగలగొట్టలేదు, పగిలిపోయింది

ఇంటి బాధలు చెప్పుకోవడంలో తెలుగుకు ఒక గొప్ప సౌకర్యం ఉంది. 'గ్లాసు పగిలింది', 'మిషను పాడైంది', 'మోరి జామైంది' అంటాం. ఎవరు చేశారన్న ప్రస్తావన రాదు. స్పానిష్ సరిగ్గా ఇదే దారిలో నడుస్తుంది. ముందు చిన్న 'సె' పెడితే చాలు, నేరం ఎవరి మీదా పడదు. 'సె రొంప్యో' అంటే విరిగిపోయింది. 'సె దెస్కొంపూసొ ల లవదోర' అంటే వాషింగ్ మెషీన్ పాడైపోయింది. 'సె ఫ్వే ల లూస్' అంటే కరెంటు పోయింది. లూస్ అంటే వెలుతురు. మనకు కరెంటు పోయినట్టే వాళ్లకు వెలుతురు వెళ్లిపోతుంది.

ఇంకో మెట్టు ఎక్కితే ఆ మధ్యలో 'మె' చేరుతుంది. 'సె మె కయో ఎల్ అరేతె ఎన్ ఎల్ లవాబొ.' నా చెవికమ్మ జారి వాష్‌బేసిన్‌లో పడిపోయింది. నేను పడేశాను అని కాదు, నా ప్రమేయం లేకుండా పడిపోయింది అని. ఇదే మాటను ఇంగ్లిష్‌లో ఆలోచించి స్పానిష్‌లోకి తెచ్చేవాళ్లు 'నేను పడేశాను' దగ్గర మొదలుపెట్టి చిక్కులో పడతారు. తెలుగులో ఆలోచిస్తే వాక్యం దానంతటదే వస్తుంది. కమ్మ పడ్డాక మాత్రం ఆ బేసిన్‌లో నీళ్లు వదలకండి. కింద వంపు తిరిగిన గొట్టంలో అది ఆగి ఉంటుంది. వచ్చినవాడు ఆ గొట్టం విప్పి తీసిస్తాడు.

ఈ 'సె' కాక ఇంకో రెండు పనిముట్లు కావాలి. ఒకటి 'ఆయ్'. ఉంది, ఉన్నాయి రెండింటికీ అదే. 'ఆయ్ కుకరాచస్ ఎన్ ల కొసీన' అంటే వంటింట్లో బొద్దింకలున్నాయి. చీమలైతే 'ఒర్మీగస్', ఎలుకలైతే 'రతోనెస్'. నీళ్లు లీకవుతుంటే 'ఆయ్ ఉన ఫూగ దె ఆగ్వ'. లేదు అనడానికి ముందు 'నొ' చేరుస్తారు. 'నొ ఆయ్ ఆగ్వ కల్యేంతె', వేణ్ణీళ్లు లేవు. రెండోది 'నొ సీర్వె', అంటే పనిచేయట్లేదు. మెక్సికో నుంచి వచ్చినవాళ్ల నోట ఎప్పుడూ వినిపించే మాట ఇది. ఏ వస్తువు పేరు గుర్తురాకపోయినా వేలితో చూపించి 'నొ సీర్వె' అనండి. ఇంటి బాధల్లో ఉన్న సుఖం ఇదే, బాధ కళ్లముందే కారుతూ ఉంటుంది. రాజకీయాల గురించి మాట్లాడాలంటే మాటలు కావాలి. నల్లా గురించి మాట్లాడటానికి నల్లా ఉంది.

మిగతావి చకచకా చెప్పేస్తాను. నల్లా చుక్కచుక్కగా కారితే 'ల యావె గొతేయ'. సింకు మూసుకుపోతే 'ఎస్తా తపాదొ ఎల్ ఫ్రెగదేరొ'. ఏసీ చల్లబడకపోతే 'ఎల్ ఆయిరె నొ ఎన్ఫ్రీయ'. పొయ్యి వెలగకపోతే 'ల ఎస్తూఫ నొ ప్రేందె'. మన దగ్గర ఇల్లు ఉరుస్తుంది అంటామే, దానికి 'ఆయ్ ఉన గొతేర'.

మేస్త్రీ అడిగే ప్రశ్నలు ఎక్కడైనా అవే

భూపాలపల్లిలో ఈసారి ప్లంబర్‌ను పిలిచినప్పుడు అతను ఏ వరుసలో మాట్లాడతాడో గమనించండి. ఏమైంది? ఎక్కడ? ఎప్పటి సంది? ఇంతే. తర్వాత మీరు ఎంతైతది అని అడుగుతారు. పని అయ్యాక అయిపోయిందా అంటారు. డాలస్‌లో కూడా సంభాషణ ఇదే వరుసలో నడుస్తుంది. వరుస ముందే తెలిసినప్పుడు అతను గబగబా అన్న పది మాటల్లో ఒక్కటి అర్థమైనా అతను దేని గురించి అడుగుతున్నాడో పట్టేయవచ్చు.

ఎక్కడ అంటే ఇక్కడ 'అకీ', అక్కడ 'అయా', సింకు కింద అయితే 'దెబాహొ దెల్ ఫ్రెగదేరొ'. ఎప్పటి నుంచి అంటే నిన్నటి నుంచి 'దేస్దె అయేర్', మూడు రోజుల నుంచి అయితే 'దేస్దె ఆసె త్రేస్ దీయస్'. ఎప్పుడు రాగలరు అని అడగడానికి 'క్వాందొ ప్వేదె వెనీర్?' మీరు సొంతంగా పిలిపించుకున్న మనిషైతే పని మొదలుపెట్టకముందే అడగాల్సింది 'క్వాంతొ మె వా అ కొబ్రార్?', అంటే ఎంత తీసుకుంటారు అని. ఇది అడగడానికి మొహమాటపడితే తర్వాత డాలర్లలో బాధపడాలి. అపార్ట్‌మెంట్ వాళ్లు పంపిన మనిషైతే ఈ ప్రశ్న వద్దు. పని ముగిశాక 'యా కెదో?' అంటే అయిపోయిందా. అతను కూడా అవే రెండు మాటలతో 'యా కెదో' అంటాడు. అప్పుడు నల్లా తిప్పి చూసుకుని మరీ పంపండి.

అతను అన్నది అందకపోతే 'నొ ఎన్త్యేందొ', అర్థం కాలేదు. 'మాస్ దెస్పాస్యొ, పోర్ ఫవోర్', కాస్త నిదానంగా అనండి. ఇవి నామోషీ మాటలు కావు. నా లెక్కలో పదిహేను వాక్యాల్లో మొదట నేర్వాల్సినవి ఈ రెండే.

'అఒరీత' అనే మాట ఒకటి ఉంది. మెక్సికోవాళ్లు ఇప్పుడే అనే అర్థంలో వాడతారు. అది ఐదు నిమిషాలు కావచ్చు, సాయంత్రం కావచ్చు. మనవాళ్లు ఇంట్లోంచి కదలకుండానే ఫోన్లో 'ఇగో అస్తున్న' అంటారు కదా, దాన్ని అర్థం చేసుకున్నవాళ్లకు దీన్ని వేరే వివరించక్కర్లేదు.

మీరు అనే గౌరవం

ఇంగ్లిష్‌లో ఆలోచించేవాళ్లు మరచిపోయేది మీరు, నువ్వు తేడా. స్పానిష్‌లో అది ఉంది. 'ఉస్తేద్' మీరు, 'తూ' నువ్వు. పైన ఇచ్చిన ప్రశ్నలన్నీ మీరు రూపంలోనే ఇచ్చాను. పనికి వచ్చిన మనిషిని, వయసులో చిన్నవాడైనా, మీరు అనడమే మర్యాద. 'పాసె' అంటే లోపలికి రండి. 'క్యేరె ఆగ్వ?' అంటే నీళ్లు తాగుతారా. జూలైలో డాలస్ ఎండ రామగుండం ఎండకు తీసిపోదు. ఆ ఎండలో ఏసీ బాగుచేసిన మనిషిని ఈ చివరి ప్రశ్న అడిగితే మిగతా వాక్యాల్లో తప్పులన్నీ మాఫీ.

మెక్సికోలో చేతిపని బాగా తెలిసినవాణ్ని 'మయేస్త్రొ' అని పిలుస్తారు. మన మేస్త్రీ దానికి చుట్టమే. స్పానిష్‌కు అక్కచెల్లెలు లాంటి పోర్చుగీసు భాష నుంచి మనకు వచ్చిన మాట అది. వాస్కోడగామా 1498లో కాలికట్ తీరం చేరాక వాళ్ల సామాను పేర్లు కూడా మెల్లగా మన ఇళ్లలో దిగాయి. మన అల్మారా అక్కడ 'అర్మార్యొ', మన బాల్చీ అక్కడ 'బాల్దె'. పెద్దవాళ్లకు ఈ మూడు మాటలు ముందు చెప్పండి. కొత్త భాష అన్న బెరుకు సగం దిగిపోతుంది.

ఒకటి మాత్రం చేయకండి. ముఖం చూసి, రంగు చూసి ఎదుటి మనిషితో స్పానిష్ మొదలుపెట్టకండి. అతను టెక్సస్‌లోనే పుట్టి స్పానిష్ ఒక్క ముక్క రానివాడు కావచ్చు. మనల్ని చూసి ఎవరో హిందీలో మొదలుపెడితే మనకు ఎలా ఉంటుందో తెలుసు కదా. ముందు అతన్ని మాట్లాడనివ్వండి.

గొట్టాలు పగిలిన వారం

మన దగ్గర చలికాలం తెల్లవారుజామున ట్యాంకు నీళ్లు చేతికి జిల్లుమంటాయి కానీ గడ్డకట్టవు. అందుకే మనకు తట్టని ఆపద ఒకటుంది. 2021 ఫిబ్రవరి మధ్యలో టెక్సస్‌ను మంచు తుఫాను ముంచేసింది. డాలస్‌లో ఉష్ణోగ్రత సుమారు మైనస్ 19 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయింది. రాష్ట్రంలో 45 లక్షల పైగా ఇళ్లకు, దుకాణాలకు కరెంటు పోయింది. కరెంటు లేక హీటర్లు ఆగాయి, హీటర్లు ఆగి గోడల్లోని, అటకల మీది గొట్టాల్లో నీళ్లు గడ్డకట్టాయి. నీళ్లు గడ్డకడితే ఉబ్బుతాయి. గొట్టంలో ఒత్తిడి పెరిగి పగులుతుంది. పగిలిన సంగతి మంచు కరిగాక గాని బయటపడదు. అప్పుడు పైకప్పులోంచి ధారకడుతుంది. చలి దేశాల్లోలాగా అక్కడి ఇళ్లలో గొట్టాలకు మందపాటి తొడుగులు వేయకపోవడం నష్టాన్ని పెంచింది. ఆ వారం ప్లంబర్ దొరకడమే గగనమైంది.

అలాంటి రోజు వస్తే చెప్పాల్సిన మాట 'సె రెవెంతో ఎల్ తూబొ', గొట్టం పగిలిపోయింది. ఫోన్లో అటువైపు నుంచి మొదట వినిపించే మాట బహుశా 'స్యేర్రె ల యావె దె పాసొ' కావచ్చు. ఇంటికి నీళ్లొచ్చే మెయిన్ వాల్వు కట్టేయండి అని. ఆ వాల్వు ఎక్కడుందో తెలియకపోతే ఏ భాష వచ్చినా లాభం లేదు. కొత్త ఇంట్లో దిగిన రోజే దాన్ని వెతికి, తిప్పి చూసి, ఇంట్లో ఉండే పెద్దవాళ్లకు చూపించండి. గడ్డకట్టే చలి వస్తుందని తెలిసిన రాత్రి నల్లాలు సన్నగా కారేలా వదిలి, సింకు కింది తలుపులు తెరిచి ఉంచండి. వెచ్చటి గాలి గొట్టాలకు తగులుతుంది.

తాలింపు పొగ

మన వంటకు మాత్రమే ఉన్న కష్టాలు రెండు. మొదటిది పొగ అలారం. ఎండుమిర్చి తాలింపు వేస్తే అది కూస్తుంది. పక్కింటివాళ్లు తలుపు తడతారు. 'ఎస్ ఊమొ దె ల కొసీన, నొ ఆయ్ ఫ్వేగొ.' వంటింటి పొగే, మంటలేమీ లేవు. ఈ వాక్యం అమ్మకు నోటికి వచ్చి తీరాలి. అలారం బ్యాటరీ పీకేసి వంట చేసుకునే తెలివి మాత్రం ఎవరూ నేర్పకండి.

రెండోది సింకు కింద మెత్తగా రుబ్బే గార్బేజ్ డిస్పోజల్. మన మిక్సీ అనుకుని అందులో మునక్కాయ పిప్పి, కరివేపాకు రెబ్బలు, మిగిలిన అన్నం తోసేస్తే అది బిగుసుకుపోతుంది. స్పానిష్‌లో దాన్ని 'త్రితురదోర్' అంటారు. 'ఎల్ త్రితురదోర్ నొ సీర్వె' అని చెప్పి ఊరుకోండి. లోపల చేయి పెట్టకండి.

సాధన ఇంటి దగ్గరే

ప్రయాణానికి ముందు నెలరోజులు చాలు. జనగామ ఇంట్లోనే నల్లా మీద 'యావె' అని, పొయ్యి మీద 'ఎస్తూఫ' అని తెలుగు అక్షరాల్లో చీటీలు అంటించండి. నిజంగా కరెంటు పోయినప్పుడల్లా ఇంట్లో అందరూ 'సె ఫ్వే ల లూస్' అనండి. మన ఊళ్లలో ఈ వాక్యానికి సాధన అవకాశాలు దేవుడే ఇస్తాడు. అమెరికాలో ఉన్న కొడుకు ఫోన్ చేసినప్పుడు ప్లంబర్ వేషం వేసి ప్రశ్నలు అడగాలి, తల్లి జవాబు చెప్పాలి. నవ్వుకుంటూ నేర్చుకున్నది పోదు. పదిహేను వాక్యాలతో ఆగక భాష మీద మనసుపడినవాళ్లు ఉంటే హైదరాబాద్‌లోని ఇఫ్లూ విశ్వవిద్యాలయంలో స్పానిష్ చదువులున్నాయి. ఇంటి బాధలకైతే అంతదూరం పోనక్కర్లేదు.

ఈ వాక్యాలు ఎక్కడ పనికిరావో కూడా తెలియాలి. బాగుచేయడానికి వచ్చిన మనిషికి నోటితో చెప్పింది ఫిర్యాదు కిందికి రాదు. టెక్సస్ చట్టంలో అద్దెకున్నవాళ్ల ఆరోగ్యానికి, భద్రతకు ముప్పు తెచ్చే లోపాలను యజమాని సరిచేయాలి. అయితే అద్దె బకాయి ఉండకూడదు, లోపం సంగతి యజమానికి తెలియజేయాలి, అద్దె ఒప్పందంలో ఆ షరతు ఉంటే రాతపూర్వకంగానే. అక్కడి నుంచి ఏడు రోజులను తగిన గడువుగా చట్టం లెక్కిస్తుంది. కాబట్టి ఫొటో తీసి, తేదీ వేసి అపార్ట్‌మెంట్ ఆఫీసుకు ఇంగ్లిష్‌లో రాసి ఒక ప్రతి దాచుకోండి.

ఇక గ్యాస్ వాసన. 'ఉఏలె అ గాస్' అంటే గ్యాస్ వాసన వస్తోంది అని. ఈ మాట నేర్చుకోండి కానీ దాన్ని పట్టుకుని మెయింటెనెన్స్ మనిషి కోసం ఎదురుచూడకండి. స్విచ్చులు ముట్టుకోకుండా ఇంట్లోవాళ్లందరితో బయటికి నడవండి. దూరం వెళ్లాక 911కు ఫోన్ చేసి ముందు అడ్రసు చెప్పండి. ఇంగ్లిష్ రాదని భయపడొద్దు. చాలా కేంద్రాల్లో దుబాసీని ఫోన్లో కలిపే ఏర్పాటు ఉంటుంది. అమ్మకు ఇంటి అడ్రసు, 'తెలుగు' అన్న మాట నోటికి వస్తే చాలు.